ఎవరికొచ్చినా ఒకటే

లోపల మళ్లీ నవ్వారు.

ఇది మొదటి నవ్వులాంటిది కాదు. మొదటిది మర్యాద నవ్వు, అభ్యర్థి కుర్చీలో కూర్చోగానే బెరుకు పోగొట్టడానికి పెద్దవాళ్లు నవ్వేది. ఇది కడుపులోంచి వచ్చింది. డైరెక్టరు నవ్వారు, ఆయన పక్కనున్న కళ్లజోడు మేడమ్ నవ్వింది, బయటినుంచి వచ్చిన ఎక్స్‌పర్టు అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుల మధ్యలో సన్నగా నా భార్యది. గొంతులో మొదలై ముక్కులో ఆగిపోయే ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఇంట్లో అది విని చాలా కాలమైంది. ఇక్కడ, ఈ గరుకు అద్దం తలుపు అవతల, ముక్కూ మొహం తెలియనివాళ్లకి అడగకుండానే పంచిపెడుతోంది.

నేను తలుపు ఇవతల ల్యాబులో, ఎత్తు స్టూలు మీద, కాళ్లు కిందికి అందక వేలాడేసుకుని కూర్చున్నాను. ఉన్నది ఒకే పోస్టు, రీసెర్చ్ అసోసియేట్. పొద్దున రాతపరీక్షకి హాలు నిండా జనం, మధ్యాహ్నానికి మిగిలింది ఇద్దరం. ఆ ఇద్దరం పొద్దున ఒకే స్కూటర్ మీద వచ్చాం. ప్రాక్టికల్‌లో చెరో ఈస్టు ముద్ద ఇచ్చి, అందులోంచి ఆర్‌ఎన్‌ఏ తీయమన్నారు. తీశాం. చిటికెన వేలంత ప్లాస్టిక్ ట్యూబులు రెండు, చెరో థర్మోకోల్ డబ్బాలో ఐసులో గుచ్చి, నా ముందు బల్ల మీద ఉన్నాయి. నల్ల మార్కర్‌తో మూత మీద ఒకటి అని రాసున్నది తనది, రెండు అని ఉన్నది నాది. ఇంటర్వ్యూలు పూర్తయ్యాక టెక్నీషియన్ వచ్చి రెండిటినీ పక్కపక్కనే జెల్ అనే మెత్తటి పలకలో వేసి కరెంటు పెడతాడు. ఆర్‌ఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉంటే ఒక్కోదానికి రెండేసి గీతలు తళుక్కున మెరుస్తాయి. ముక్కలైపోయి ఉంటే చీపురుతో ఊడ్చినట్టు ఒక మసక చార పడుతుంది. మాటలతో నెట్టుకురావడానికి వీల్లేని పరీక్ష. లోపల నవ్వించేవాళ్లు నవ్వించుకోవచ్చు, జెల్ మాత్రం నవ్వదు. ఆ ఒక్క ధైర్యంతోనే కూర్చున్నాను.

గాజుసామాను కడిగే అటెండరమ్మ, నీలం కోటు చేతులు మోచేతుల దాకా మడిచి, తడి బీకర్ల ట్రే పట్టుకుని వచ్చింది.

"ఇంకా అవలేదా బాబూ మీ ఆవిడది?"

"లేదమ్మా."

"నవ్వులు వినపడతన్నాయి లెండి. మంచిదే." బీకర్లు ఒక్కొక్కటే బోర్లిస్తూ నావైపు ఓరగా చూసింది. "ఒక మాటడుగుతా, ఏమనుకోకండి. ఒక్క కుర్చీ కోసం మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చారేంటి? ఇంట్లో కుర్చీల్లేవా?"

"ఉన్నాయమ్మా. ఇలాంటిది లేదు."

ఆమె పకపకా నవ్వి, కోటుకి చేతులు తుడుచుకుంది. "పోన్లెండి. ఎవరికొచ్చినా ఒకటేగా!"

వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం నా ముందు బల్ల మీద పెట్టి వెళ్లింది. పొద్దున గేటు దగ్గర గుమాస్తా ఇద్దరి కార్డుల మీదా ఒకే ఇంటి చిరునామా చూసి అదే అన్నాడు. ఎదురింటాయన అన్నాడు, మా అత్తగారు అన్నారు, మా బావమరిది ఫోన్లో అరుస్తూ అన్నాడు, నేను పనిచేసే బ్లడ్ టెస్టుల ల్యాబ్ ఓనరు కూడా సెలవు చీటీ మీద సంతకం చేస్తూ అన్నాడు. ఎవరికొచ్చినా ఒకటేగా. ఒకటే అయితే ట్యూబుల మీద వేరే వేరే అంకెలెందుకు? నా చెవిలో ఆ నవ్వు ఇలా సూదిలా దిగడమెందుకు? నాకు ఆకలేస్తే తను తింటే చాలా? ఈ మాట ఎవరితోనైనా అంటే, పెళ్లాం మీద ఏడ్చేవాడు ఒక మగాడేనా అంటారు. అనరు, మొహాన అనరు, వెనక అనుకుంటారు. పరాయివాడి మీద అసూయ పడితే పౌరుషం అంటారు, ఇంట్లో మనిషి మీద పడితే జబ్బు అంటారు. సరే, జబ్బే. దానికి టెస్టు ఏ ల్యాబులోనూ లేదు, మా ల్యాబులో అసలే లేదు.

కాలేజీలో మా ఇద్దరిదీ ఒకే క్లాసు, అక్కడ తనని తూకం అనేవాళ్లు. సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబు పెట్టాలంటే ఎదురుగా సరిసమానమైన బరువుతో ఇంకో ట్యూబు పెట్టాలి, లేకపోతే ఆ మిషను గిరగిరా తిరుగుతూ బల్ల దిగి నడుస్తుంది. మేమంతా కంటి చూపుతో నీళ్లు పోసి పెట్టేసేవాళ్లం. తను మాత్రం రెండు ట్యూబుల్నీ త్రాసులో పెట్టి, డ్రాపర్‌తో బొట్టు బొట్టు కలిపి, ముల్లు కదలడం మానేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేది. వెనక లైన్లో మేమంతా తిట్టుకునేవాళ్లం. నన్ను నురగ అనేవాళ్లు. ప్రొటీన్ ద్రావణాన్ని నెమ్మదిగా తిప్పి కలపాలి, గట్టిగా ఊపితే నురగొచ్చి ప్రొటీన్ పాడవుతుంది. నేను ఊపేవాణ్ణి. తొందర. ప్రతిసారీ నా ఫ్లాస్కు సోడాబుడ్డిలా పొంగేది. నురగ, తూకం పెళ్లి చేసుకున్నారని తెలిసి క్లాసంతా ఎంత నవ్విందో. తను ఇప్పటికీ ప్రేమ వచ్చినా కోపం వచ్చినా నురగా అనే పిలుస్తుంది. ఏ నురగ ఏదో గొంతుని బట్టి తెలుసుకోవాలి.

చివరి సంవత్సరంలో ఒక రోజు హెడ్ మేడమ్ పాఠం ఆపేసి, బోర్డు మధ్యలో ఒక సున్నా చుట్టి, అందులో బయోకెమిస్ట్రీ అని రాసింది. "ఈ డిగ్రీతో ఏమవుతారని మీ ఇంట్లోవాళ్లు అడుగుతూ ఉంటారుగా, రాసుకోండి," అంది. నిజమే, అడిగేవాళ్లు. మా పెదనాన్న అయితే కనపడ్డప్పుడల్లా. "అంటే డాక్టరా?" కాదు పెదనాన్నా. "మందుల షాపా?" కాదు. "మరి మేస్టారా?" అవ్వొచ్చు. "అంటే మధ్యలో ఉంటారన్నమాట," అని ఆయనే తేల్చేసి పేపర్లోకి తల దూర్చేసేవాడు. మేడమ్ సున్నాలోంచి బాణాలు గీసింది. రక్తపరీక్షల ల్యాబులు. మందుల కంపెనీల్లో నాణ్యత చూసే పని. తిండి పదార్థాల ఫ్యాక్టరీలు. నేరపరిశోధన ల్యాబులు. పేటెంట్లు. మిషన్లు అమ్మడం. బోధన. ఆఖరి బాణం పైకి గీసింది, పరిశోధన. బోర్డు చాల్లేదు. సుద్దముక్క ఆపకుండా గోడ మీదికి పోనిచ్చి, బాణం ములుకు గోడ మీద గీసింది. క్లాసంతా నవ్వాం. నేను నవ్వుతూనే ఆ ములుకు వైపు చూశాను, అది నాదే అనుకున్నాను. పక్క బెంచీలో తూకం నవ్వలేదు. తనూ అక్కడికే చూస్తోంది. అప్పుడే తెలుసుకోవాల్సింది. బదులుగా ప్రేమించాను.

బాణాలన్నీ ఎవరో ఒకరికి దొరికాయి. వరండా చివరిదాకా వినపడే గొంతున్నవాడు మిషన్లు అమ్ముతున్నాడు, అప్పుడప్పుడూ టై కట్టుకుని మా ల్యాబుకొచ్చి "ఏరా నురగా, ఇంకా ఇక్కడేనా?" అని భుజం మీద చరుస్తాడు. వాడి మీద నాకేం అసూయ లేదు. ఉంది, వాడి బూట్ల మీద కొంచెం. రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే బిడియస్థుడు నేరపరిశోధన ల్యాబులో చేరి, గుడ్డల మీద మరకలు ఎవరివో తేలుస్తున్నాడు. కోర్టులో వాడి మాట కోసం జడ్జి ఎదురుచూస్తాడట. దాని మీద ఇంకొంచెం. తిండిపోతు అని మేం ఏడిపించిన అమ్మాయి బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత విభాగానికి హెడ్డు, తినడానికే జీతమిస్తున్నార్రా అని మెసేజ్ పెడుతుంది. అందరికన్నా బాగా వాదించేవాడు పేటెంట్లలోకి వెళ్లి, ఇంకొకళ్లు కనిపెట్టినదాన్ని కంచె వేసి కాపాడే రాతలు రాస్తున్నాడు. వీళ్లందరి మీదా కలిపి నాకున్న అసూయని ఒక బీకర్లో పోస్తే అడుగు కూడా తడవదు. ఎందుకంటే వాళ్లెవరూ గోడ మీది ములుకు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లింది నా ఇంట్లో మనిషి.

ఎలా వెళ్లింది? నేనే పంపాను. పెళ్లయిన కొత్తలో ఇద్దరం పరిశోధన అంటూ తిరిగితే ఇల్లు గడవదని, ఒకరు స్థిరంగా సంపాదించాలని, ఆ ఒకరు నేనవుతానని నేనే అన్నాను. అన్నప్పుడు ఛాతీ ఎంత పొంగిందో! త్యాగం చేసేటప్పుడు భలే ఉంటుంది, చేశాకే తెలుస్తుంది దాన్ని రోజూ చేస్తూనే ఉండాలని. తను ఒక ప్రాజెక్టులో చేరింది, ఈస్టు కణాల్లో ఏదో జన్యువు ఎందుకు నోరు మూసుకుంటుందో కనిపెట్టే పని. నేను బ్లడ్ టెస్టుల్లో చేరాను. పొద్దున అన్నం తినకముందు షుగరు, మధ్యాహ్నం అన్నం తిన్నాక షుగరు. ఊళ్లో జనమంతా నా లెక్కలో తినకముందు, తిన్నాక అని రెండే రకాలు. సాయంత్రం తను వచ్చి, గీత కనపడింది, ఇవాళ గీత కనపడింది అంటూ చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ "అలాగా" అనేవాణ్ణి. కళ్లలో నీళ్లు ఉల్లిపాయలవే అని తను అనుకునేది. ఒకసారి ఒక జర్నల్లో తన పేరు అచ్చయింది, వరసలో మూడో పేరు. ఆ కాగితం నేనే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. చుట్టాలంతా మెచ్చుకున్నారు, ఎంత మంచి మొగుడండీ అని. దాని కింద నుంచి వెళ్లేటప్పుడల్లా తల వంచుకుని వెళ్లేవాణ్ణని ఎవరూ చూడలేదు.

తర్వాత ఆ ప్రాజెక్టు అయిపోయింది. నిధులు ఆగాయి, మనుషుల్ని పంపేశారు. తను ఇంట్లో ఉండడం మొదలైంది. ఇదిగో, ఇక్కడ నా లోపలి మనిషి సంగతి చూడండి: నాకు బాధేసింది, నిజంగానే వేసింది, కానీ ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది. చాలా కాలం తర్వాత ఇంట్లో ల్యాబుకి వెళ్లేది నేనొక్కణ్ణే. తను కిటికీ దగ్గర నిలబడి, అందరూ పనులకి వెళ్లే వేళకి రోడ్డు చూస్తూ ఉండేది. నవ్వు అప్పుడే పోయింది. టీ కలిపేటప్పుడు కూడా చెంచాని నెమ్మదిగా, ఒకే వైపు, నురగ రాకుండా తిప్పేది. చెయ్యి పని కోసం వెతుక్కుంటోందని తెలిసేది. తెలిసే ఈ పోస్టుకి దరఖాస్తు పెట్టాను. తనకి చెప్పకుండా. ఆ ప్రకటన తను చూసి ఉండదులే అనుకున్నాను. పిలుపులు ఒకే రోజు, ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకదాని కింద ఒకటి వచ్చాయి.

"నువ్వూ పెట్టావా?" అంది తను.

"నువ్వూనా?" అన్నాను.

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు గొంతులో మొదలైంది గానీ ముక్కుదాకా రాలేదు. ఆ రోజునుంచీ తను పడగ్గదిలో, నేను వంటింట్లో చదువుకున్నాం. తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్లం, పూర్తిగా కాదు, పూర్తిగా వేస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుంది. మొన్న అంట్లు తోముతుంటే తనే వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది. "ప్రాక్టికల్ ఆర్‌ఎన్‌ఏ మీదే పెడతారు. నీకు చేసి చాలా కాలమైంది కదా. ఒకటే కిటుకు, చేతుల్ని నమ్మకు," అంది. "మీ ల్యాబులో మీరు గ్లౌజు వేసుకునేది రక్తం మీకు అంటకూడదని. ఇక్కడ మనం దానికి అంటకూడదని. ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైము మన చర్మం మీదే ఉంటుంది, మరిగించినా చావదు. మన చెయ్యే దానికి విషం." తెలుసులే అన్నాను. తెలుసు కూడా. కానీ నేను విన్నది ఆ మాటల్ని కాదు, ఆ గొంతుని. ఎంత తేలిగ్గా చెప్పేసింది. పోటీదారుకి తన కత్తి ఎక్కడ పదునో చూపించేసింది. భయం లేదన్నమాట. నేనైతే చెప్పేవాణ్ణా? సబ్బునురగలో చేతులు ముంచుకుని, ఆ మంచితనం మీద కూడా మండిపడ్డాను.

జేబులో ఫోను అదిరింది. అమ్మ. ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తుంది. కుడిచేతి గ్లౌజు లాగేసి చెవికి పెట్టుకున్నాను.

"ఏరా, అయిందా?"

"తను లోపలుంది. తర్వాత నేను."

"అదేంటి, ముందు నిన్ను పిలవలేదూ? నువ్వు మగాడివి కదరా."

"వరస ప్రకారం అమ్మా. తనది ఒకటో నంబరు."

"దానికే వచ్చేట్టుందా?" అమ్మ గొంతు తగ్గించింది, పక్కన నాన్న ఉన్నట్టున్నాడు. "అది తెలివైంది రా. మీ పెళ్లికి ముందే అన్నాను మీ నాన్నతో. పోన్లే, ఎవరికొచ్చినా..."

"అమ్మా, పెట్టేస్తున్నా."

పెట్టేశాను. లోపల ఎక్స్‌పర్టు గొంతు ఏదో వివరంగా చెబుతోంది, అంటే ప్రశ్నలైపోయి కబుర్లలోకి దిగారన్నమాట. ప్రశ్నలడిగితే పరీక్ష, కబుర్లు చెబితే ఉద్యోగం. నేను ముందుకు వంగి తన డబ్బాలోకి చూశాను. ముట్టుకోలేదు, చూశానంతే. ట్యూబు అడుగున ద్రవం మంచినీళ్లలా ఉంది. తీసిన ఆర్‌ఎన్‌ఏ పొడి పూర్తిగా కరిగింది, ఒక్క నలుసు లేదు. తూకం పని. మరి నాది? ఐసులోంచి నాది తీసి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. అడుగున తెల్లగా ఏదో ఉన్నట్టుంది. నలుసా, ప్లాస్టిక్ మీద గీతా? కరగలేదా? తనది కరిగి నాది కరగకపోవడమేంటి? మూత తెరిచి చూశాను. మా ల్యాబులో రోజంతా చేసే పనే, ట్యూబుని పిడికిట్లో పట్టుకుని, బొటనవేలితో మూత అంచుని టక్కున పైకి లేపడం. లేచింది. వంగి చూశాను. నలుసు కాదు, గీతే. అమ్మయ్య అనుకున్నాను. మూత లోపలి వైపుకి బొటనవేలు ఆనించి, నొక్కి మూసేశాను.

అప్పుడు చూశాను నా బొటనవేలిని. గోరు, గోరు పక్కన పొద్దున గీరుకున్న చర్మం, ఫోను మీద చెమట అంటిన తడి. బోడి వేలు.

  మూత లోపల ఆనించాను, ఆ మూతని మళ్లీ ట్యూబుకే మూశాను. పాడై ఉండకపోవచ్చు. ఐసులో ఉంది, చల్లగా ఉంటే ఎంజైము నెమ్మదిగా పనిచేస్తుంది. నెమ్మదిగానే, కానీ చేస్తుంది. లోపల వాళ్లు ఇంకో కబురు చెప్పుకునేలోపు, నన్ను పిలిచేలోపు, టెక్నీషియన్ వచ్చేలోపు, అది ఒక్కో ఆర్‌ఎన్‌ఏ దారాన్నీ కొరుక్కుంటూ పోతుంది. చీపురుతో ఊడ్చినట్టు మసక చార. దాని పక్కనే తనవి రెండు గీతలు. ముగ్గురూ వంగి చూస్తారు. కళ్లజోడు మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూస్తుంది. ఏమీ అనరు. అనకపోవడం అన్నిటికన్నా ఘోరం.

బల్ల చివర స్పిరిట్ సీసా ఉంది. దాని పక్కన టిష్యూల పెట్టె. స్పిరిట్ తగిలితే మార్కర్ రాత మిగలదు, ల్యాబులో పనిచేసిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు కడుపు మండించిన సంగతే ఇది. ఒక తుడుపు. ఒకటి పోతుంది, రెండు పోతుంది. మార్కర్ నా జేబులోనే ఉంది. మళ్లీ రాస్తే సరి. ఎవరికీ తెలియదు. చూసేవాళ్లు లేరు, అటెండరమ్మ చప్పుడు పక్కగది నల్లా దగ్గర వినపడుతోంది, తలుపు గరుకు అద్దానిది. కొత్త గ్లౌజులు తీసి రెండు చేతులకీ తొడుక్కున్నాను. ఎంత జాగ్రత్త! ఇప్పుడు వచ్చింది జాగ్రత్త. టిష్యూ మీద స్పిరిట్ చిమ్మాను. ముక్కు ఘాటెక్కింది. ఎవరికొచ్చినా ఒకటేగా, అందరూ అన్నారు, అత్తగారు అన్నారు, నేను మాత్రం ఆ మాటని నిజం చేస్తున్నానంతే. తనకి ఇంకో పోస్టు వస్తుంది, తను తెలివైంది, అమ్మ కూడా అంది. టిష్యూని తన మూత దాకా తీసుకెళ్లాను.

ఆపింది మంచితనం కాదు. మంచితనమైతే ఈ సీసా దాకా వచ్చేవాణ్ణే కాదు. ఆపింది కూడా అదే, ఇంత సేపూ నన్ను ఈ స్టూలు మీద కాల్చుకు తిన్నదే. జెల్ మీద రెండు గీతలు మెరుస్తాయి, కింద నా అంకె ఉంటుంది, డైరెక్టరు నా భుజం తడతాడు, కానీ ఆ గీతలు తనవి. నేను మాత్రమే చూడగల చోట వాటి కింద తన పేరు ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ, నాకన్నా తను గొప్పదన్న సాక్ష్యం మీద కూర్చోవాలి. హాల్లో ఫ్రేము కిందైతే తల వంచుకుని పోవచ్చు, దీని కింద నుంచి ఎలా పోవడం? ఓడిపోతే అసూయ మిగులుతుంది. ఇలా గెలిస్తే ఇంకేం మిగలదు, అదొక్కటే మిగులుతుంది. టిష్యూని వెనక్కి తీసుకుని, గ్లౌజులు లాగేసి, ఆ టిష్యూతోనే బొటనవేలిని తుడుచుకున్నాను. చర్మం గీరుకున్న చోట చుర్రుమంది. తుడుస్తూనే ఉన్నాను.

తలుపు తెరుచుకుంది.

తను బయటికొచ్చింది. చెంపలు ఎర్రబడ్డాయి, కొంగు భుజం మీద సర్దుకుంటోంది, కళ్లలో ఇంకా లోపలి వెలుగుంది. నన్ను చూస్తుందనుకున్నాను. ముందు తన ట్యూబు వైపు చూసింది. తర్వాత స్పిరిట్ సీసా వైపు. ఆ తర్వాత నా చేతి వైపు.

"నురగా," అంది మెల్లిగా. "గ్లౌజు ఏది?"

"అమ్మ ఫోన్ చేసింది."

"నాది ముట్టుకున్నావా?"

అంత సూటిగా. ఇన్నేళ్ల కాపురంలో ఇంత సూటి ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. నాకు కోపం రావాలి. రాలేదు. సరిగ్గా చూడాల్సిన చోటే చూసింది మరి.

"లేదు."

"మరి?"

"నాదే. మూత తీశాను, ఇలా." బొటనవేలు చూపించాను.

తనకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ మొహంలోకి బాధ వచ్చింది, నిజమైన బాధ. కానీ అది వచ్చే ముందు, రెప్పపాటు, ఇంకొకటి మెరిసి మాయమైంది. వేరేవాళ్లైతే పట్టుకోలేరు. నేను పట్టుకున్నాను. ఇంతసేపూ దాన్నేగా నా లోపల ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తున్నది. హమ్మయ్య, అని మెరిసింది అది. నాకెందుకో, పెళ్లయ్యాక మొదటిసారి తను నా పక్కన నిలబడినట్టనిపించింది.

"లోపల అడిగారు," అంది, కిటికీ వైపు తిరిగి. "మీ ఇద్దరిలో ఎవరికిచ్చినా ఒకటేనా అమ్మా అని."

 నేను దాచుకున్న జవాబు ఉంది ఆ ప్రశ్నకి, ఎన్నో రోజులుగా నూరి పెట్టుకున్నది. ఆమెకే ఇవ్వండి సార్, అని. ఎంత ఉదాత్తంగా ఉంటుందో, ఉద్యోగం రాకపోయినా గెలిచినట్టే ఉంటుంది. తను ఆ జవాబే ముందు చెప్పేసి ఉంటే? మా ఆయనకివ్వండి అని ఉంటే, నేనిక ఈ భూమ్మీద ఎక్కడ తలెత్తుకుని నిలబడాలి?

"ఏమన్నావు?"

"ఒకటి కాదు, నాకే ఇవ్వండి అన్నాను."

ఊపిరి వదిలాను. అదేం ఊపిరో నాకే తెలియదు.

"మరి నవ్వారెందుకు?"

"మరి మీ ఆయన ఏమంటాడు అన్నారు. ఆయన తనకే ఇవ్వమంటాడు సార్, అలా అనలేనివాణ్ణైతే నేను చేసుకునేదాన్నే కాదు అన్నాను." ముక్కు చివర ఆ నవ్వు ఆగీ ఆగనట్టుంది. "అనగలవా?"

అలా అడిగే హక్కు మీద, ఆ మాట లోపల అంత తేలిగ్గా అనేసి నవ్వించి రాగలగడం మీద, నాకు ఒళ్లు మండింది. ఎప్పుడూ ముందే ఉంటుంది. త్రాసు ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టే మనిషి, అక్కడ మాత్రం ఒక్క క్షణం ఆగలేదు.

గుమాస్తా తలుపులోంచి తల బయటికి పెట్టాడు. "రెండో క్యాండిడేట్ రావచ్చు." మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి, ఏదో అనబోయి ఆగిపోయాడు. ఏమనబోయాడో నాకు తెలుసు.

స్టూలు దిగాను. తను ఎక్కి కూర్చుంది, కాళ్లు నాకన్నా పైన వేలాడాయి. "నీది నేను చూస్తుంటాలే," అంది. చేతులకి గ్లౌజులు అలాగే ఉన్నాయి, ఇంటర్వ్యూ అంతా తీయలేదన్నమాట.

లోపల మూడు మొహాలు, ఒక ఖాళీ కుర్చీ, తన చెయ్యి తాకిన మంచినీళ్ల గ్లాసు. డైరెక్టరుగారి పెదాల మీద ఇందాకటి నవ్వు మరక ఇంకా ఆరలేదు. కూర్చున్నాను. ఆయన నా కాగితాలు తిరగేయకుండానే ముందుకు వంగారు.

"ముందు మీరు చెప్పండి. మీ ఇద్దరిలో ఎవరికిచ్చినా ఒకటేనా?"

నూరి పెట్టుకున్న జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"కాదు సార్. ముందుగా ఒక సంగతి, నా శాంపిల్ పాడై ఉంటుంది. గ్లౌజు లేకుండా మూత తీశాను. జెల్ మీద ఆవిడ గీతలు రెండూ మెరుస్తాయి, నాది చీపురుతో ఊడ్చినట్టుంటుంది." బొటనవేలు ఇంకా చుర్రుమంటోంది, బల్ల కింద దాన్ని పిడికిట్లో దాచుకున్నాను. "అయినా సరే సార్, నాకే ఇవ్వండి."

 ముందు ఎక్స్‌పర్టు నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లజోడు మేడమ్ అందుకుంది, డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. కడుపులోంచి, ముగ్గురూ, గట్టిగా.

గరుకు అద్దం అవతల, ఎత్తు స్టూలు మీద, తనకది వినపడే ఉంటుంది.